ఏ చేతి మీదుగా వచ్చింది?

తినేది, కట్టేది, వాడేది ఎక్కడ పుట్టి మన గడప దాకా వస్తోందని అడుగుతూ తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఉత్తరాలను కుదించాం. పేర్లు తీసేసి ఊరు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. మాఘమాసంలో మా పాప పెళ్లి. పట్టుచీర కట్టనని మొండికేస్తోంది. "పప్పులో పురుగు కనబడితే గిన్నె మొత్తం పారబోస్తారు, పురుగుల్ని ఉడకబెట్టి తీసిన దారం మాత్రం మడికి పనికొస్తుందా?" అని వాళ్ల జేజినే (నానమ్మనే) నిలదీసింది. అహింసా పట్టు అని ఒకటి దొరుకుతోందట. అది నిజమేనా, కొనొచ్చా? (తిరుపతి)

జవాబు: మీ పాప అన్నదాంట్లో తప్పులేదు. పలమనేరు, కుప్పం వైపు మల్బరీ రైతులు పెంచే పురుగు నాలుగు జ్వరాలు (పాత పొర విడిచే దశలు) దాటి, పాతిక రోజులకు అటూఇటూగా పండి, చంద్రికల (గూడు కట్టే తట్టల) మీదికెక్కి మూడు రోజుల్లో గూడు కట్టుకుంటుంది. లోపల ప్యూపాగా మారుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే, గూడు మొదలైన రోజు నుంచి సుమారు రెండు వారాలకు రెక్కల పురుగై గూటి కొస తడిపి, తొలుచుకుని బయటికొస్తుంది. చిక్కంతా ఆ చిల్లుతోనే. గూడంతా ఒకటే పోగు, దాదాపు వెయ్యి మీటర్ల పొడవు. చిల్లు పడితే ఆ పోగు ముక్కలు ముక్కలవుతుంది, రీలింగుకు, అంటే పోగును తెగకుండా లాగి చుట్టడానికి, పనికిరాదు. అందుకే రైతు ముందుగానే గూళ్లు విడదీసి హిందూపురానికో, కర్ణాటకలోని సిడ్లఘట్ట, రామనగరం మార్కెట్లకో వేస్తాడు. కొన్న రీలరు వాటిని ఆవిరిలోనో వేడిగాలిలోనో పెడతాడు. పురుగు చచ్చేది అక్కడ. మరిగే నీళ్లలో వేసేది ఆ తర్వాత, జిగురు వదిలి పోగు కొస దొరకడానికి.

లెక్క కూడా చూద్దాం. బైవోల్టిన్ అనే మేలురకం గూళ్లు కిలోకు సుమారు 600 తూగుతాయి. కిలో ముడిపట్టు రావాలంటే ఆరున్నర నుంచి ఏడు కిలోల గూళ్లు కావాలి. ముడిపట్టును సబ్బునీళ్లలో ఉడికించి జిగురు తీసినప్పుడు నాలుగో వంతు బరువు పోతుంది. జరీ బరువు పక్కనపెట్టి, చీరలో అర కిలో పట్టు ఉందనుకుంటే దానికి దాదాపు 670 గ్రాముల ముడిపట్టు, అంటే నాలుగు కిలోల పైచిలుకు గూళ్లు పట్టాయన్నమాట. ఒక్క చీరకు రెండున్నర వేలకు పైగా పురుగులు.

అహింసా పట్టు ఉన్నమాట నిజమే. ఆప్కోలో పనిచేసిన మన తెలుగువారే, కుసుమ రాజయ్య, దానికి పేటెంట్ తీసుకున్నారు. రెక్కల పురుగు బయటికి పోయేదాకా ఆగి, చిల్లుపడ్డ గూళ్లను దూదిలా చేసి వడుకుతారు. పోగు లాగడానికీ వడకడానికీ చాలా తేడా ఉంది. వడికిన దారంలో అక్కడక్కడా లావు సన్నాలు ఉంటాయి, మెరుపు తక్కువ, చేతికి నూలులా మెత్తగా తగులుతుంది. కాబట్టి అద్దంలా మెరుస్తూ, జారిపోతూ ఉన్న చీరను చూపించి "ఇది అహింసా పట్టమ్మా" అని ఎవరైనా అంటే నమ్మకండి. సిల్క్ మార్క్ ముద్ర కూడా ఈ విషయం చెప్పదు. అది పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది. కొసపోగు కాల్చి చూసే పరీక్షా అంతే. వెంట్రుక కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతే పట్టు. కరిగి గట్టి పూసలా అయితే పాలియెస్టర్. పురుగు బతికిందా చచ్చిందా అన్నది మంట చెప్పదు. అమ్మేవాళ్లను "రీలింగు దారమా, వడికిన దారమా?" అని అడగండి. ఆ ప్రశ్నకే తడబడితే అక్కడ కొనకపోవడం మేలు.

అయితే అహింసా పట్టులోనూ ఒక ముడి ఉంది. దాన్ని అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పరు. వేల ఏళ్లు మనిషి చేతిలో పెరిగిన ఈ జాతి రెక్కల పురుగు ఎగరలేదు, తినడానికి దానికి పనిచేసే నోరే లేదు. జతకట్టి, నాలుగైదు వందల గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో చనిపోతుంది. రెండున్నర వేల గూళ్లలో సగం ఆడవే అనుకున్నా, ఒక్క చీరకు ఐదారు లక్షల గుడ్లు. అన్నీ పొదిగిస్తే వాటికి మల్బరీ ఆకు ఎక్కడి నుంచి తెస్తారు? కొన్ని గుడ్లు మళ్లీ పెంపకానికి పోతాయి. మిగతావి పారేయాల్సిందే, లేదా పుట్టిన పిల్లలు ఆకలికి చావాల్సిందే. పెద్ద పురుగును బతికించి పిల్లల్ని వదిలేసినట్టవుతుంది. చంపడం తగ్గుతుందని చెప్పొచ్చు గానీ లేదని చెప్పలేం.

దీనికంటే తేలికైన దారి ఎరి పట్టు. అస్సాం వైపుది. ఆ పురుగు తినేది ఆముదం ఆకు. గూటికి సహజంగానే ఒక కొస తెరిచి ఉంటుంది కాబట్టి చంపకుండానే వడకొచ్చు. అక్కడ ఆ ప్యూపాలను కూర వండుకు తింటారు కూడా, కాబట్టి ఎరి కనబడగానే హింస లేదనుకోవద్దు, అడిగి కొనండి. టస్సర్ అడవి పట్టు కనుక పాపం లేదనే మాట మాత్రం తప్పు. టస్సర్ గూళ్లను కూడా చాలావరకు ఉడికించే తీస్తారు.

ఇంకో దారి జేజి పెట్టెలోనే ఉంటుంది. పాత పట్టుచీర కడితే కొత్తగా ఏ ప్రాణమూ పోదు. మడత పడిన గీత వెంబడి ముందు చిరుగుతుంది కాబట్టి చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. గీతలు పల్చబడి ఉంటే కట్టుచెంగు వైపు వచ్చేలా మడత మార్చుకోవచ్చు. అంచు నలిగినా ఒళ్లు బాగుంటే అంచు మార్చి కుట్టేవాళ్లున్నారు. దాచేటప్పుడు నూలుబట్టలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, జరీ నల్లబడుతుంది.

మడి మాట జేజితోనే తేల్చుకోండి. ఎవరూ తాకకుండా ఉతికి ఆరేసిన నూలుబట్ట మడికి చెల్లుతుందని ఆవిడకు మీకంటే బాగా తెలుసు.

ప్రశ్న: బేకరీ బన్నుల్లో మనిషి జుట్టు నుంచి తీసిన పదార్థం కలుపుతారని మా కాలేజీలో ఒకటే గోల. తిరుమలలో ఇచ్చిన తలనీలాలే అవి అని కూడా అంటున్నారు. (తిరుపతి)

జవాబు: మొదటి మాటలో నిజముంది. రెండోది నిర్ధారణ కాని మాట. ఎల్-సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మైదాపిండిలోని జిగటను వదులుచేస్తుంది. పెద్ద యంత్రాల మీద బన్నులు, పిజ్జా బేస్‌లు చేసేవాళ్లకు పిండి త్వరగా సాగడం కోసం అది కావాలి. జుట్టును, బాతు ఈకలను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికించి దాన్ని తీయొచ్చు. సూక్ష్మజీవులతో పులియబెట్టి కూడా తయారుచేస్తున్నారు. ఐరోపా సమాఖ్య మనిషి జుట్టు నుంచి తీసినదాన్ని ఆహారంలో ఒప్పుకోదు. ప్యాకెట్ మీద 920 అనే అంకె కనిపిస్తే అదే. దేన్నుంచి తీశారన్నది ఆ అంకె చెప్పదు, తయారీదారును అడగాల్సిందే. వీధి చివరి చిన్న బేకరీ పిండిని చేత్తో పిసికి, రెండు గంటలు పొంగనిస్తుంది కాబట్టి దానికి ఈ పదార్థంతో సాధారణంగా పని ఉండదు.

తలనీలాలను తితిదే పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తుంది. 31 అంగుళాలు, ఆపైన ఉన్నవి మొదటి రకం, 16 నుంచి 30 రెండో రకం, అలా దిగుతూ 5 అంగుళాల లోపువి చివరి రకం. పొడవాటి జుట్టు విగ్గులకు పోతుంది. 2004లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. పెళ్లయిన యూదు స్త్రీలు కొందరు ఆచారంగా విగ్గు పెట్టుకుంటారు. ఆ జుట్టు మన గుళ్లలో మొక్కుగా ఇచ్చినదని తెలిసి, విగ్రహారాధనతో ముడిపడిన వస్తువు వాడకూడదని ఇజ్రాయెల్ మతపెద్దలు చెప్పారు. న్యూయార్క్ బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. మనం భక్తితో ఇచ్చిందే వాళ్లకు దోషమైంది. ఎక్కడిదో తెలియడం వల్ల ఒక్కోసారి ఇలాంటివి కూడా జరుగుతాయి.

పనిలో పనిగా పచ్చచుక్క గురించి. మన ఆహార నిబంధనల్లో జంతువు నుంచి వచ్చినదంతా మాంసాహారమే, కొన్ని మినహాయింపులతో. పాలు, తేనె, తేనెమైనం, లక్క ఆ మినహాయింపుల్లో ఉన్నాయి. కాబట్టి చాక్లెట్ గోలీల మీద మెరిసే పూత (అంకె 904) లక్కపురుగు జిగురే అయినా పచ్చచుక్కే వస్తుంది. ఎర్రరంగు 120 మాత్రం పురుగును ఎండబెట్టి నూరి తీసేది, దానికి మినహాయింపు లేదు.

ప్రశ్న: మా పాలాయన ఆవు ఈనినప్పుడల్లా జున్నుపాలు తెచ్చిస్తాడు. దూడ నోటికాడిది లాక్కుంటున్నామా అని గిల్టీగా ఉంటుంది. ఇంకో సంగతి, పదేళ్లుగా చూస్తున్నా, వాళ్ల దొడ్లో కోడెదూడ పెద్దదవడం ఒక్కసారీ చూడలేదు. (చిత్తూరు)

జవాబు: జున్నుపాల సంగతి గంటల్లో తేలే విషయం. దూడ పుట్టేటప్పుడు దాని ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి దాదాపు ఉండదు, అంతా తల్లి మొదటి పాలలోనే అందుతుంది. ఆ పాలలోని రక్షక పదార్థాలను దూడ పేగు పీల్చుకోగలిగేది మొదటి 24 గంటలే. అందులోనూ మొదటి కొద్ది గంటల్లో ఎక్కువ. దూడ బరువులో పదో వంతు పాలు పట్టాలన్నది లెక్క. 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు, అందులో ఎక్కువ భాగం పుట్టిన గంటా రెండు గంటల్లోనే. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవు దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటాయి. నాటు ఆవు దగ్గర మిగలకపోవచ్చు. మీ పాలాయనకు ఒకటే చెప్పండి: "మొదటి రోజువి వద్దు, రెండో రోజు సాయంత్రంవి తెచ్చియ్." అవి అంత గట్టిగా గడ్డకట్టవు. మామూలు పాలు కలపకుండా, బెల్లం తగ్గించి, మూతపెట్టి ఆవిరి మీద ఇంకాస్త ఎక్కువసేపు ఉంచండి. ముక్క కోసినట్టు కాకపోయినా చెంచాకు నిలుస్తుంది. మొదటి పూట పాలకు ఎక్కువ డబ్బిస్తామని అడిగేవాళ్లుంటే దూడకు మిగలదు. మాట కటువుగా ఉంది గానీ బేరం అలానే నడుస్తుంది.

కోడెదూడ విషయం ఇంత తేలిగ్గా తేలదు. ఆవు ఈనితేనే పాలు. ఈనిన ప్రతిసారీ సగానికి సగం కోడెదూడే. ట్రాక్టరు వచ్చాక దున్నే పని పోయింది, పైగా సంకర జాతి కోడె మన ఎండకు కాడి కింద నిలవదు. మూడేళ్లు మేపితే గడ్డి ఖర్చు తప్ప చేతికేమీ రాదు. కాబట్టి చాలా దొడ్లలో కోడెదూడకు పాలు తగ్గించేస్తారు. కొన్ని బక్కచిక్కి చస్తాయి, కొన్ని సంతకు పోతాయి. 1977 నాటి మన రాష్ట్ర చట్టం ఆవునూ దూడనూ వధించడాన్ని నిషేధించింది. కానీ దూడను మేపి తీరాలని ఏ చట్టమూ రైతును బలవంతం చేయలేదు, మేపే ఖర్చూ ఇవ్వలేదు.

మీ వాటా ఎంతో లెక్కేసుకోవచ్చు. సంకర ఆవు ఒక ఈతలో పది నెలలు, రోజుకు సగటున 9 లీటర్ల చొప్పున పాలిస్తే 2,700 లీటర్లు. మీ ఇంట్లో రోజుకు లీటరు వాడితే ఏడాదికి 365. అంటే ఏడు, ఎనిమిది ఇళ్లు కలిసి ఒక ఈత పాలు తాగుతున్నాయి. మీ ఒక్క ఇంటి లెక్కన ఏడెనిమిదేళ్లకు ఒక దూడ, పదిహేనేళ్లకు ఒక కోడెదూడ. పెరుగు, నెయ్యి, స్వీట్లు కలిపితే ఇది ఇంకా ముందుకొస్తుంది. నెయ్యి కిలోకు పాతిక లీటర్ల దాకా ఆవుపాలు పడతాయి మరి.

మనకు అందుబాటులో ఉన్న మంచి ఉపాయం లింగ నిర్ధారిత వీర్యం. పశువైద్యశాలల్లో "ఆడదూడల సూది" అని అడిగినా అర్థమవుతుంది. దాంతో పుట్టేవాటిలో నూటికి తొంభై పెయ్యదూడలే. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద రాయితీ ఉంది. చిక్కు ఏమిటంటే ఆ వీర్యం నింపిన స్ట్రాలో (సన్నగొట్టంలో) వీర్యకణాలు మామూలు దానిలో పదో వంతే ఉంటాయి, కాబట్టి చూలు కట్టే అవకాశం తక్కువ. ముసలి ఆవుకూ, బక్క ఆవుకూ, గర్భాశయ జబ్బు ఉన్నదానికీ వేస్తే డబ్బు దండగ. మొదటి, రెండో ఈత ఆవులకు, ఎద ఖచ్చితంగా గుర్తించి వేస్తేనే ఫలితం. ఒకసారి తిరగపొర్లితే, అంటే చూలు నిలవక మళ్లీ ఎదకొస్తే, రైతు రెండోసారి అటు చూడడు. మీ వీధిలో పది ఇళ్లవాళ్లు కలిసి, లీటరుకు రూపాయి ఎక్కువిస్తాం, ఆ సూది వేయించు అని మీ పాలాయనకు చెప్పి చూడండి. ఆవు మీద ఎన్ని పద్యాలు చదివినా, పాల ధరలో దూడ మేత లేకపోతే దూడ బతకదు.

పుంగనూరు పొట్టి ఆవును పెంచితే ఇదంతా తప్పుతుందా అని ఇంకొకరు రాశారు. మేత తక్కువ తింటుంది, దూడలకు గిరాకీ ఉంది కాబట్టి ప్రస్తుతానికి కోడెదూడ కూడా బతుకుతోంది. పాలు మాత్రం ఒక ఇంటికి సరిపోవడమే గొప్ప.

ప్రశ్న: ఇన్ని ఆలోచిస్తూ కూర్చుంటే ముద్ద దిగుతుందా? ఒకటి మానేస్తే ఇంకోటి బయటపడుతుంది. ఇదంతా తీరికున్నవాళ్ల వేషమని మా ఆయన అంటారు. (పుత్తూరు)

జవాబు: మీ ఆయన మాటలో సగం ఒప్పుకుంటాం. ఏడేళ్లకోసారి కొనే వస్తువు గురించి ఏడాదంతా బాధపడుతూ, రోజూ కొనేదాన్ని చూడకపోవడం వేషమే. ఒక నెల కిరాణా చీటీ తీసుకుని పక్కన ఎన్ని కిలోలు, ఎన్ని లీటర్లు అని రాయండి. చాలా ఇళ్లలో బియ్యం, పాలు, నూనె, చక్కెర పైన నిలబడతాయి. వాటిలో నూనెతో మొదలుపెట్టండి, ఎందుకంటే మార్చుకోవడం తేలిక.

మనదేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. అందులో పెద్ద వాటా పామాయిల్, ఇండోనేషియా, మలేషియాల నుంచి. అక్కడ ఆ తోటల కోసం కొట్టేసిన అడవుల్లో ఒరాంగుటాన్ కోతులుండేవి. మీరు పామొలిన్ ప్యాకెట్ కొనకపోయినా మిక్చరు, బిస్కెట్టు, చిన్న హోటలు పూరీల్లో అది ఇంటికొస్తుంది. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీ బరువు ప్రకారం పెద్దదాన్నుంచి చిన్నదానికి రాస్తారు, "ఖాద్య వనస్పతి నూనె" (ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్) అని ఉన్నచోట బ్రాకెట్లో ఏ గింజో చూడండి.

శనక్కాయలు మన నేల పంట. గానుగ నూనెకు మారదామంటే ముందు మోసం పట్టే లెక్క తెలియాలి. లీటరు నూనెకు రెండుంబావు నుంచి రెండున్నర కిలోల గింజలు పడతాయి. గింజలు కిలో 120 రూపాయలనుకుందాం, రెండున్నర కిలోలకు 300. మిగిలిన చెక్క కిలోన్నర దాకా వస్తుంది, కిలో 40 లెక్కన 60 పోతే 240. కూలి, కరెంటు, సీసా కలిపితే 270 దాటుతుంది. అలాంటి రోజున ఎవరైనా గానుగ శనగనూనె లీటరు 200కే ఇస్తున్నారంటే అందులో ఇంకేదో ఉంది. ధర ఎప్పటికప్పుడు మారుతుంది, లెక్క మారదు. గింజలు మీరే తీసుకెళ్లి, ఆడించి, చెక్కతో సహా తెచ్చుకుంటే ఇంకా మంచిది. బూజుపట్టిన గింజ, ముడుచుకున్న గింజ ముందే ఏరేయాలి. ఆఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువగా ఉండేది వాటిలోనే, గానుగలో దాన్ని పూర్తిగా తీసే ఉపాయం లేదు.

ప్రశ్న: వినాయకుడికి ఉండ్రాళ్లు చేసినప్పుడల్లా బంగారురంగు బెల్లమే తెస్తాం. అందులో మందు కలుపుతారంటున్నారు. నల్లగా ఉన్నది తెస్తే అది సారా బెల్లమని అంగడాయనే నవ్వుతాడు. మరి ఏది కొనాలి? (కాణిపాకం)

జవాబు: రెండింటి మధ్యది. తేనె నుంచి మట్టిరంగు దాకా ఉన్న బెల్లం.

టన్ను చెరకు ఆడిస్తే వంద కిలోలు, కాస్త పైన బెల్లం వస్తుంది. పొయ్యిలోకి ఆ చెరకు పిప్పే. రసం వేడెక్కగానే సున్నపునీళ్లు కొద్దిగా పోసి పులుపు విరుస్తారు, నలగ్గొట్టిన బెండకాండం జిగురు వేస్తే మురికి తెట్టెలా పైకి తేలుతుంది. ఆ తెట్టెను ఎంత ఓపిగ్గా తీస్తే బెల్లం అంత తేటగా ఉంటుంది. తెట్టె తీయడానికి మనిషి కావాలి, సమయం కావాలి. ఆ రెండూ లేనిచోట హైడ్రోస్ అనే తెల్లపొడి, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, గుప్పెడు పడుతుంది. క్షణాల్లో పాకం పసుపుపచ్చగా మారుతుంది. మండీలో ఆ రంగుకే మంచి రేటు. ఆ రేటు పెట్టేది చివరికి మనమే, దేవుడికి తేట బెల్లం కావాలని. హైడ్రోస్ వల్ల బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ 70 పీపీఎం (పది లక్షల పాళ్లలో 70) దాటకూడదని నిబంధన ఉంది.

హైడ్రోస్‌ను ఇంట్లో ఖచ్చితంగా పట్టుకునే పరీక్ష లేదు. గుర్తులు మాత్రం ఉన్నాయి. అచ్చు మొత్తం ఒకే లేతరంగు, నాలుక మీద కాస్త ఉప్పగా తగలడం, నెలా రెండు నెలలు ఉంచితే గాలి తగిలిన పైపొర నల్లబడి లోపల పచ్చగా మిగలడం. మూడింట్లో చివరి గుర్తే కాస్త నమ్మదగింది. ఈ నెల ఒక చిన్న అచ్చు కొని అలమరలో పెట్టి చూడండి, వచ్చే పండక్కి అదే అంగట్లో కొనాలో వద్దో తెలుస్తుంది. సుద్దపొడి కలిపిందీ లేనిదీ గ్లాసు నీళ్లలో కరిగించి, అడుగున పేరుకున్నదాన్ని చూస్తే తెలిసిపోతుంది.

నల్లబెల్లం వేరు. సరిగా విరవని, తెట్టె తీయని, పాడైన చెరకుతో చేసినది. నాటుసారాకు పోతుందనే దాని అమ్మకం మీద ఎక్సైజ్ వాళ్ల కన్ను ఉంటుంది. గోధుమరంగు బెల్లం కొన్నవాళ్లను చూసి నవ్వే అంగడాయనకు ఈ తేడా తెలియక కాదు, ఆ సరుకు ఆయన దగ్గర లేక.

ప్రశ్న: మృదంగం నేర్చుకుంటున్నాను. దాని మూతల్లో ఆవుతోలు ఉంటుందని తెలిసింది. మా ఇంట్లో తోలు చెప్పులు మానేసి రెగ్జిన్ వాడుతున్నాం. వాద్యం సంగతేం చేయాలి? (తిరుపతి)

జవాబు: మృదంగంలో ఆవు, మేక, గేదె తోళ్లు మూడూ ఉంటాయి. కచేరీ వాద్యంలో ఇప్పటికి వాటికి సాటివచ్చేది లేదు. అభ్యాసానికి ఫైబరు, సింథటిక్ మూతల మృదంగాలు దొరుకుతున్నాయి, శ్రుతి చెదరదు కానీ నాదం పొడిగా ఉంటుంది. మీరు రోజూ కొట్టే అభ్యాసం దాని మీద చేసి, తోలు వాద్యాన్ని గురువు ముందు, కచేరీకి వాడితే మూత మార్చే అవసరం బాగా తగ్గుతుంది. తడి చేత్తో ముట్టకండి, ఎండలో, ఫ్యాన్ కింద ఉంచకండి. మూత త్వరగా పోయేది ఎక్కువగా వీటివల్లే. మూత కట్టేవారికి అడిగిన కూలి ఇవ్వండి, బేరం వద్దు. ఆ తోలు పని మనం ముట్టమని తరతరాలుగా వాళ్లకు వదిలేసినదే.

చెప్పుల విషయంలో మీ నిర్ణయం మళ్లీ ఆలోచించండి. రెగ్జిన్ అంటే బట్ట మీద ప్లాస్టిక్ పూత. ఏడాది, ఏడాదిన్నరలో పెచ్చులూడుతుంది, అతుకు నిలవదు, చెత్తకుప్పలో కరగదు. ఒక జత తోలు చెప్పులకు రెండుసార్లు అడుగు మార్పించి ఐదారేళ్లు తొడగొచ్చు. జంతువు చావకూడదన్నదే మీ పట్టుదలయితే రబ్బరు, కాన్వాసు వాడండి, వాటినీ అరిగేదాకా.

తోలులో అసలు గొడవ ఊనడం దగ్గర, అంటే పచ్చితోలు కుళ్లకుండా పదునుచేసే చోట, ఉంది. మన పాలారు చిత్తూరు జిల్లా దాటి తమిళనాడులోకి పోయాక వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల పరిశ్రమల మధ్యగా పారుతుంది. ఆ కలుషితం మీద వేలూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలోనే 1996లో సుప్రీంకోర్టు, పాడుచేసినవాడే ఖర్చు కట్టాలన్న సూత్రాన్ని మన చట్టంలో భాగమని తేల్చింది. క్రోమియంతో ఊనితే తోలు ఒకటి రెండు రోజుల్లో సిద్ధం. తంగేడు చెక్క, కరక్కాయతో ఊనితే వారాలు పడుతుంది. కొనేటప్పుడు పట్టీ కోసిన అంచు చూడండి. లోపల నీలిబూడిద రంగుంటే క్రోమియం, ఆసాంతం గోధుమరంగుంటే చెక్క ఊనకం. అంచుకు రంగు పూసేసి ఉంటే అడుగు వైపు గీకి చూపించమనండి. వానకు తడిస్తే లోపల పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టాలి, నెలకోసారి రెండు చుక్కల ఆముదం చాలు.

తెగిపోయిన తోలు చెప్పులను వేడినీళ్ల పొయ్యిలో వేయడం మాత్రం మానేయాలి. క్రోమియంతో ఊనిన తోలు కాలితే అందులోని క్రోమియం మరింత విషపురూపంలోకి మారొచ్చు. ఆ బూడిదే తర్వాత అంట్లు తోమడానికో, మొక్కల పాదుకో పోతుంది.

ప్రశ్న: జీడిపప్పు బర్ఫీ మీద వెండిరేకు ఆవు పేగుల మధ్య పెట్టి కొడతారట. ప్రసాదంగా పంచొచ్చా? (శ్రీకాళహస్తి)

జవాబు: పాత పద్ధతి అదే. పశువు పేగుతో చేసిన పొరల పుస్తకంలో వెండిముక్క పెట్టి సుత్తితో గంటల తరబడి కొట్టేవారు. 2016లో వచ్చిన నిబంధన ప్రకారం వెండిరేకు తయారీలో ఏ దశలోనూ జంతు పదార్థం వాడకూడదు, వెండి 99.9 శాతం స్వచ్ఛంగా ఉండాలి. యంత్రం మీద ప్రత్యేక కాగితాల మధ్య చేసినవి వస్తున్నాయి. మిఠాయి అంగట్లో రేకుల కట్ట పెట్టె చూపించమని అడగండి, దాని మీద తయారీదారు పేరు, లైసెన్సు అంకె లేకపోతే రేకు లేని బర్ఫీ ఇమ్మనండి, రుచిలో తేడా ఏమీ రాదు. ఇంట్లో చూడాలంటే రేకును రెండు వేళ్ల మధ్య నలపండి. వెండి పొడై మాయమవుతుంది. ఉండ కట్టిందంటే అల్యూమినియం.